చవక కొలిమి... లోపల చూసి కొనాలి!

అమెరికాలో శనాదివారాలొస్తే గ్యారేజీలో కొలిమి వెలిగించి సుత్తి పట్టే ఉద్యోగులున్నారు. కత్తుల తయారీ మీద నడిచే 'ఫోర్జ్‌డ్‌ ఇన్‌ ఫైర్‌' టీవీ పోటీ 2015లో మొదలైంది. అది చూసి సరదాపడ్డవాళ్లూ తక్కువేం కాదు.

మన ఊళ్లలో కొలిమంటే బొగ్గులూ తిత్తీ. ఈ వారాంతపు కమ్మరులది గ్యాస్‌ కొలిమి. ఓ ఇనుప డబ్బా, లోపల సిరామిక్‌ ఫైబర్‌ దుప్పటి, పైన బర్నర్‌... అంతే. బార్బెక్యూకి వాడే 20 పౌండ్ల ప్రొపేన్‌ సిలిండర్‌ తగిలిస్తే చాలు, ఇనుము నారింజరంగుకి తిరుగుతుంది. చిన్నవి 150 డాలర్లలోపే దొరుకుతాయి.

మరి అంత చవగ్గా ఎలా ఇస్తారు? చాలావాటిలో ఆ దుప్పటిని పైపూతేమీ లేకుండా ఉత్తినే చుట్టి పంపేస్తారు. చిక్కంతా అక్కడే. తెల్లగా దూదిలా కనిపించినా అది గ్లాస్‌ఊల్‌కి దగ్గరి చుట్టం. మంట జోరుకీ ఇనుము రాపిడికీ కంటికి కనపడని నూగు గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరితే ఓ పట్టాన బయటికి రాదు. పైగా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలగా కాలగా అందులో కొంత క్రిస్టోబలైట్‌గా మారుతుంది. అది క్యాన్సర్‌ కారకం. కాబట్టి పాత కొలిమిని సగం ధరకి ఇస్తున్నారని సంబరపడటానికి లేదు.

కొత్తదైనా పెట్టె విప్పగానే వెలిగించకూడదు. మాస్కు పెట్టుకుని దుప్పటికి రిజిడైజర్‌ ద్రవం చల్లి గట్టిపరచాలి. ఆరాక రిఫ్రాక్టరీ సిమెంటు పూయాలి. అదీ బాగా ఆరాక సన్నటి మంట మీద విడతలవారీగా కాల్చాలి. తొందరపడితే లోపలి తడి ఆవిరై పూత పగులుతుంది. ఈ సరుకుల ఖర్చునీ ధరలో కలిపి లెక్కేసుకోవాలి.

రెగ్యులేటర్‌ కూడా ఒత్తిడిని పెంచి తగ్గించుకునే రకమై ఉండాలి. రెండు మూడు బర్నర్లున్నవి చూస్తే మనసు లాగుతుంది కానీ, కొత్తవాళ్లు ఒకసారి కాల్చే ఇనుము జానెడు కూడా ఉండదు. ఒక్క బర్నర్‌ చాలు. ఎక్కువైతే చిన్న సిలిండర్‌ మంచుపట్టి గ్యాస్‌ ఒత్తిడి పడిపోతుంది.

కొలిమి నుంచి కార్బన్‌ మోనాక్సైడ్‌ వస్తుంది. వాసన ఉండదు, తెలిసేలోపే ప్రాణం మీదికి తెస్తుంది. గ్యారేజీ తలుపు బార్లా తీసి ఉంచాలి, అలారం పెట్టుకోవాలి.

మనదేశంలో ప్రయత్నించాలనుకునేవారికి ఇంకో మాట. 14.2 కిలోల ఇంటి సిలిండర్‌ వంటకే. కొలిమికి తగిలిస్తే నిబంధనలు ఒప్పుకోవు. వంటింటి రెగ్యులేటర్‌ ఇచ్చే ఒత్తిడి అసలే సరిపోదు.