పంపు ఎత్తే ముందు సాలెపురుగును చూడండి

వీడియోలో టమాట ఆకు మీద గెంతుతున్నది దూకే సాలెపురుగు. మన ఇంటి గోడల మీద, కిటికీల దగ్గర రోజూ కనబడేదే. చేనులో మాత్రం దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇది గూడు అల్లి కాచుకుని కూర్చునే రకం కాదు. ఎనిమిది కళ్లలో ముందున్న రెండు పెద్ద కళ్లతో దూరం చూసుకుని, పిల్లిలాగ పొంచి, ఒక్క దూకుతో పట్టేస్తది. దూకే ముందు దారం అంటించుకుంటది కాబట్టి జారినా కింద పడదు. ఈగలు, దోమలు, పచ్చదోమ, చిన్న లద్దెపురుగులు దీని తిండి. మనుషులకు హాని లేదు.

ఇప్పుడు అసలు మాట. మనలో చాలామంది రసాయన మందులు మానేశారు, సంతోషం. కానీ వారం కాగానే పంపు భుజాన వేసుకునే అలవాటు మానలేదు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటది. అందులోని నికోటిన్ ఇది శత్రువు, ఇది మిత్రుడు అని చూడదు. ఆవు మూత్రంలో ఉడికించినంత మాత్రాన విషం గుణం మారదు. పైగా పేనుబంక కొద్ది రోజుల్లోనే మళ్లీ పెరుగుతది. సాలెపురుగు పెరిగి గుడ్లు పెట్టాలంటే నెలలు కావాలె. అంటే అవసరం లేకుండా కొట్టిన ప్రతిసారీ ముందు తేరుకునేది శత్రువే.

చేవెళ్ల, మొయినాబాద్ నుంచి కూరగాయలు పోయేది హైదరాబాద్‌కే. కాయ మీద మచ్చ ఉంటే ధర పడిపోతదనే భయం న్యాయమైనదే. అందుకే చేనును గాలికి వదిలేయమనడం లేదు, లెక్కపెట్టమంటున్న. మన పక్కనే రాజేంద్రనగర్‌లో ఉన్న ఎన్‌ఐపీహెచ్‌ఎం నేర్పే మోటు లెక్క ఇదీ: రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు కనబడితే మందు కొట్టనక్కర లేదు, గమనిస్తూ ఉంటే చాలు. పొద్దున్నే చేనులో అక్కడక్కడ 20 మొక్కలు చూడండి. సాలెపురుగులు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు అన్నీ లెక్కలోకి వస్తయి.

సాలెపురుగు ఒక్కటే అన్నీ చూసుకోదు. కాయలోకి దూరిన పురుగును అది పట్టలేదు, ఒక్కోసారి చిన్న మిత్రపురుగులను కూడా తింటది. అయినా రోజూ కూలి అడగకుండా కాపలా కాసేది అదే. దానికి కావాల్సింది నీడ, దాక్కునే చోటు. గట్ల మీద గడ్డి తగలబెట్టకండి. ఆచ్ఛాదన తీసేయకండి. చేను చుట్టూ జొన్న, నడుమ బంతి పెట్టండి.

కషాయం ఆఖరి ఆయుధం కావాలె, వారం వారం చేసే మొక్కుబడి కావొద్దు. ఈ వారం పంపు ఎత్తే ముందు ఒక్కసారి లెక్కపెట్టి, మీ చేనులో ఎన్ని కనబడ్డయో కింద రాయండి.