వీరులపాడుకు లార్చ్ ఎందుకు? చింత చాలు

బోన్సాయ్ బొమ్మలున్న ఏ పుస్తకం తిప్పినా లార్చ్ చెట్టు కనబడుతుంది. మూరెడు ఎత్తు, వందేళ్ళ ముసలి రూపు. శీతాకాలం ముందు దాని సూది ఆకులు బంగారు రంగుకు తిరిగి రాలిపోతాయి. సూది ఆకుల చెట్లలో ఇలా ఏటా మోడయ్యేవి చాలా తక్కువ. ఆ బొమ్మలు చూసి వీరులపాడులోనో, నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో ఉన్న మీకు కూడా ఒకటి పెంచాలనిపించవచ్చు. వద్దనే నా సలహా.

లార్చ్ చలిదేశపు చెట్టు. సైబీరియా, ఆల్ప్స్ పర్వతాలు, జపాన్ కొండలు దాని పుట్టిళ్ళు. మన దేశంలోనూ ఒక జాతి ఉంది గాని, అది సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్‌ల ఎత్తైన హిమాలయాల్లో. శీతాకాలంలో అది నిద్రావస్థలోకి పోతుంది. వారాల తరబడి గట్టి చలి తగిలితేగాని మొగ్గలు సరిగా విచ్చుకోవు. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట, 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో సంక్రాంతికి మనం దుప్పటి కప్పుకుంటాం. కాని లార్చ్‌కు అది చలే కాదు. ఇక మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నిద్ర చాలని మొక్క ఆ వేడికి ఎలా తట్టుకుంటుంది?

చెట్టును తేవద్దన్నాను గాని, దాన్ని పెంచేవారి పద్ధతి మాత్రం తెచ్చుకోదగ్గదే. మొక్కను పుట్టగానే పళ్ళెంలో బిగించి చిన్నది చేస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది దీనికి తలకిందులు. మొదటి కొన్నేళ్ళు నేలలోనో పెద్ద తొట్టిలోనో విచ్చలవిడిగా పెరగనిస్తారు. ఆకులు ఎక్కువగా ఉంటే ఆహారం ఎక్కువ తయారవుతుంది, మొదలు లావెక్కుతుంది. ఆ తర్వాతే తల నరుకుతారు. కొమ్మ చివరి మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. మీ పాఠంలో అగ్రాధిక్యత అన్నది దీన్నే. తల పోగానే పక్క మొగ్గలు లేస్తాయి. వాటిలో ఒకదాన్ని కొత్త తలగా నిలిపితే, మాను కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా తయారవుతుంది. ముసలితనపు రూపంలో సగం రహస్యం అక్కడే ఉంది. ఆకులు రాలి కొమ్మలు స్పష్టంగా కనబడే కాలంలో రాగి తీగో అల్యూమినియం తీగో చుట్టి వంచుతారు. పళ్ళెంలోకి మార్చడం ఆ తర్వాతి మాట. ఇదంతా అయ్యేసరికి పదేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు.

పదేళ్ళంటే భయపడకండి. 1625 నుంచి పెంచుతూ వచ్చిన ఒక జపాన్ తెల్లపైన్ బోన్సాయ్, 1945లో హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆ చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో గోడ చాటున ఉండి బతికింది. యమాకి కుటుంబం దాన్ని 1976లో అమెరికాకు బహూకరించింది. తరం తర్వాత తరం నీళ్ళు పోసిన చెట్టు అది.

మన ఊళ్ళకు తగినది చింత. ఆకులు మొదటే చిన్నవి, కొమ్మ మంచి పట్టు గలది, ఎండ దానికి కొత్త కాదు. రాత్రికి ఆకులు ముడుచుకోవడం తొట్టిలో కూడా మానదు, గమనించండి. రావి మొక్క గోడ పగులులోనే దొరుకుతుంది గాని, దాని ఆకు పెద్దది, తోక పొడుగు. చిన్న చెట్టుకు నప్పదు. ఇంకో సంగతి: బోన్సాయ్ చింత గింజను నేలలో నాటితే మామూలు మహావృక్షమే వస్తుంది. మనం మార్చింది రూపాన్నే, జన్యువులను కాదు.

ఇది చెట్టును హింసించడం కాదా అని కొందరు అడుగుతారు. కత్తిరింపు హింస అని నేను ఒప్పుకోను. మేకలు మేసిన చింత మళ్ళీ చిగిర్చడం మీరు చూసే ఉంటారు. కొండ మీది ముసలి చెట్టును పెకలించి తేవడం మాత్రం దొంగతనమే. అసలు హింస మరోచోట ఉంది. లోతులేని పళ్ళెంలో మట్టి గుప్పెడే గనుక, మే నెల ఎండకు ఒక్క రోజులో ఎండిపోతుంది. సెలవులకు మీరు అమ్మమ్మగారి ఊరు వెళితే నీళ్ళు ఎవరు పోస్తారు? ఆ మనిషి పేరు చెప్పలేనివారు మొక్కను నేలలోనే నాటడం మంచిది.

చెప్పగలిగినవారు పులుసుకు పిసికి పారేసే చింతగింజలు ఒక పది ఏరి, ఒక రాత్రి నానబెట్టి, తొలకరిలో వేయండి. మన నల్లరేగడి ఒక్కటే వాడితే నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. మూడు నాలుగేళ్ళు కత్తెర ముట్టవద్దు. తీగ చుట్టే రోజు వచ్చాక పదిహేను రోజులకొకసారి చూస్తూ, అది బెరడులోకి దిగకముందే విప్పేయండి. ఒకసారి పడిన గాడి ఏళ్ళ తరబడి పోదు.