స్కిల్ నీది, లాభం ఎవరిది?



"పోకర్ జూదం కాదన్నా, స్కిల్ గేమ్. మూడుముక్కలాట వేరు, ఇది వేరు." ఈ మాట ఇప్పుడు హాస్టల్ రూముల నుంచి తండాల దాకా, పెంటల దాకా వచ్చింది. ఫోన్‌లో పోకర్ నేర్చుకున్న పిల్లలు ఎవరేమన్నా ముందుగాల చెప్పే మాట ఇదే. దీన్ని కొట్టిపారేసేటందుకు నేను రాస్తలేను. ఒప్పుకొనే మొదలుపెడదాం. అవును, పోకర్‌లో స్కిల్ ఉన్నది. మన పిల్లలకు అసలు గండం అక్కడే ఉన్నది.

ముందు ఒక తొవ్వ సంగతి. బీచుపల్లి దగ్గర 44వ నంబరు హైవే కృష్ణానది దాటుతది. ఒక ఒడ్డు వనపర్తి జిల్లా, ఇంకో ఒడ్డు గద్వాల జిల్లా. ఆ బ్రిడ్జి మీదుగా బెంగళూరు దిక్కు రెండు రకాల మనుషులు పోతరు. ఒకరు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని, మూటాముల్లె కట్టుకొని కట్టడాల పనికి పోయే పాలమూరు కూలీలు. ఇంకొకరు హైదరాబాద్ నుంచి పోయి క్లబ్బుల్లో పోకర్ టేబుల్ ముందు కూర్చునేవాళ్లు. అంత దూరం ఎందుకు? తెలంగాణలో పైసలు పెట్టి ఆడితే నేరం. స్కిల్ ఆటగా ఆడితే పోకర్‌కు లైసెన్స్ అక్కర్లేదని కర్ణాటక హైకోర్టు 2013లో చెప్పింది. గుజరాత్ హైకోర్టు 2017లో పోకర్ జూదమే అన్నది. పశ్చిమ బెంగాల్ చట్టం పోకర్‌ను జూదం లెక్కలోంచే తీసేసింది. గోవాలో మాండవి నది మీద కాసినో పడవలే తిరుగుతయి. ముక్కలు అవే 52. రాష్ట్రం మారితే పేరు మారుతది.

ఆ కారులో పోయేటాయన దగ్గర పోయినా ఫరవాలేని పైసలున్నయి. ఆ బస్సులో పోయే కూలీ దగ్గర ఉన్నది అప్పటికే అప్పైన అడ్వాన్సు. ఫోన్ చేసిందేమిటంటే, ఈ ఇద్దరినీ ఒకే టేబుల్ ముందు కూర్చోబెట్టింది.

ఇప్పుడు స్కిల్ లెక్క చూద్దాం. పోకర్‌లో నీ చేతికి రెండు ముక్కలొస్తయి, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు పడతయి. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1326 రకాలుగా రావచ్చు. అన్నిటికంటే మంచివి రెండు ఆసులు. అవి సగటున 221 చేతులకు ఒక్కసారి వస్తయి. ఎదురుగా కూర్చొని ఆడితే గంటకు 25, 30 చేతులు పంచుతరు. అంటే ఎనిమిది గంటలు కూర్చుంటే ఒకసారి వచ్చినట్టు. వచ్చినయే అనుకో. ఎదుటోని దగ్గర రెండు రాజులుంటే, చివరిదాకా పోయినప్పుడు 100కు 82 సార్లు నువ్వు గెలుస్తవు, 18 సార్లు ఓడుతవు. ఏ తప్పూ చేయకుండ ఓడుతవు.

ఈ 18 సార్ల దెబ్బను తట్టుకునేటందుకే సీరియస్‌గా ఆడేవాళ్లు 'బ్యాంక్‌రోల్' పెట్టుకుంటరు. క్యాష్ గేమ్‌కు కనీసం 20, 30 బై-ఇన్‌లు చేతిలో ఉండాలని వాళ్లే చెప్తరు. టోర్నమెంట్లకైతే 100, ఆ పైన. బ్లైండ్లు 5, 10 రూపాయలున్న చిన్న టేబుల్ తీసుకో. 100 బ్లైండ్ల బై-ఇన్ అంటే 1000 రూపాయలు. 30 బై-ఇన్‌లంటే 30,000. మన దగ్గర ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. 100 రోజులూ పని దొరికి, 100 రోజుల కూలీ ఒక్క పైసా ఖర్చు కాకుండ ఉంటే 30,700. ఇంట్లో బియ్యం, ఉప్పు, అవ్వకు మందులు ఏవీ కొనకుండ ఏడాది కూలి మొత్తం పెడితే, ఆ చిన్న టేబుల్ ముందు సరిగ్గా కూర్చునే అర్హత వస్తది. గెలుపు సంగతి ఆ తర్వాత. స్కిల్ నీకు లేక కాదు తమ్మీ, స్కిల్ పనిచేసేదాకా ఆగే పైసలు నీకు లేవు. ఉన్నోడు 18 సార్లు ఓడి 19వ సారి కూర్చుంటడు. నువ్వు రెండోసారికే లోన్ యాప్ తెరుస్తవు.

ఇంకో లెక్క. టేబుల్ పెట్టినోడు ప్రతి కుండలోంచి తన వాటా తీసుకుంటడు. దాన్ని 'రేక్' అంటరు. సాధారణంగా 5 శాతం చుట్టూ ఉంటది. లెక్క కోసం చేతికి సగటున 15 రూపాయలు అనుకుందాం. ఫోన్‌లో గంటకు 70 చేతులు పడితే గంటకు 1050. ఆరుగురు తలా వెయ్యి తెచ్చుకొని కూర్చున్నరు, మొత్తం 6000. ఆరు గంటల్లో రేక్ 6300! ఆరుగురూ సమానంగా తెలివైనోళ్లైతే, ఆరుగురి జేబులూ ఖాళీ. అందుకే ఆ టేబుల్ నడవాలంటే రోజూ కొత్త పైసలు తెచ్చేవాడు కావాలె. వాళ్ల భాషలో ఆయన పేరు 'ఫిష్'. టోర్నమెంట్ అంతకంటే సక్కగ లేదు. 100 మంది కూర్చుంటే 10, 15 మందికే ఏదో ఒకటి దక్కుతది, అందులో పెద్ద వాటా మొదటి ఇద్దరు ముగ్గురిది. నువ్వు చూసే రీల్స్‌లో ఆ ఒక్కడే కనపడుతడు. మిగిలిన 85 మంది రీల్ ఎవరూ చేయరు.

ఆన్‌లైన్‌లో ఎదుట ఎవరున్నరో కూడా తెల్వదు. ఒకే రూములో కూర్చొని ముక్కలు చెప్పుకుంటూ నీ మీద ముగ్గురు ఆడొచ్చు. అసలు మనిషే కాకపోవచ్చు. 2017లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు పోకర్ ప్రొఫెషనల్స్‌ను ఒక్కొక్కరిగా ఓడించింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి టేబుల్ మీద కూడా గెలిచింది. ఆ కాలంలో నువ్వు తెల్లందాక ఫోన్ మీద స్కిల్ పెంచుకుంటున్నవు.

మరి ఈ 'స్కిల్' మాట ఎక్కడి నుంచి వచ్చింది? మన దగ్గరి నుంచే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు రమ్మీ కేసు పెట్టిండ్రు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసు, తీర్పు 1967 నవంబర్‌లో. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలె కాబట్టి రమ్మీలో ముఖ్యమైనది నైపుణ్యమే అని కోర్టు అన్నది. క్లబ్బు తీసుకున్నది సర్వీసు ఛార్జీయే అని కేసు కొట్టేసింది. ఆన్‌లైన్ కంపెనీలు ఏండ్ల తరబడి ఈ సగం తీర్పునే జెండా చేసుకున్నయి. అదే తీర్పులో ఇంకో మాట ఉన్నది: పందెం పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం చేసుకుంటున్నడని రుజువైతే, అది రమ్మీ అయినా సరే, నేరం కావచ్చు. ఈ సగం మీ యాప్ ప్రకటనల్లో ఎప్పుడన్న చదివిండ్రా? 'ఆటలో స్కిల్ ఉన్నదా' అనే ప్రశ్న పక్కనే 'లాభం ఎవరికి పోతున్నది' అనే ప్రశ్నను కూడా ఆ కోర్టే పెట్టింది. మనం అడగవలసింది ఆ రెండోది.

"ఇప్పుడు బ్యాన్ అయింది కదన్నా" అంటవు. అయింది. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని మార్చి ఆన్‌లైన్‌లో పైసలతో ఆడే ఆటలను నేరం చేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు స్కిల్ అయినా అదృష్టమైనా తేడా లేకుండ దేశమంతటా ఆన్‌లైన్ డబ్బుల ఆటలను నిషేధించింది. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నరని కేంద్రమే చెప్పింది. ఆట నడిపినోనికి మూడేండ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. పెద్ద కంపెనీలు డబ్బుల ఆటలు ఆపినయి. హైదరాబాద్‌లోనే పుట్టిన ఏ23 కంపెనీ ఈ చట్టం మీద కోర్టుకు పోయింది.

కానీ కాగితం మీది చట్టం నేల మీద ఎట్ల నడుస్తదో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? 1/70 చట్టం ఉన్నది. అయినా బినామీ పేర్ల మీద భూములు పోయినయి. ఇది కూడా అంతే. ముందు తలుపు మూసిండ్రు, దొడ్డి తలుపు తెరిచే ఉన్నది. లొకేషన్ మార్చే యాప్‌లు, విదేశీ సైట్లు, 'ఉత్తుత్త చిప్స్' అని పైకి చూపించి వెనక ఏజెంట్‌తో ఫోన్‌పేలో లెక్క తేల్చుకునే ప్రైవేట్ క్లబ్బులు. అక్కడ గెలిచిన పైసలు ఇయ్యకపోతే ఏ స్టేషన్‌కు పోయి అడుగుతవు, ఆడిందే నేరమైన కాడ? ఆ ఏజెంట్ ఇంకోటి కూడా అడుగుతడు: "నీ బ్యాంకు ఖాతా కొన్ని రోజులు వాడుకుంట, కమీషన్ ఇస్త." ఇచ్చినవో, రేపు కేసు ఖాతాదారు మీద పడుతది, స్కాలర్‌షిప్ వచ్చే ఖాతా ఫ్రీజ్ అయితది. చెట్టుకింద మూడుముక్కలాట ఆడిన కూలీల ఫొటోలు తెల్లారి పేపర్లో వస్తయి. రేక్ తీసుకున్నోని ఫొటో ఎన్నడన్న చూసిండ్రా?

'అడవోళ్లు గంతే, తాగుడు, జూదం' అనేటోళ్లు కూడా ఉంటరు. వాళ్ల సుద్దులు మనకొద్దు. పట్నపోడు ఆడితే 'ప్లేయర్', మనోడు ఆడితే 'జూదరి' అనే నాలుక అది. మన పిల్లలకు తెలివి తక్కువై కాదు ఓడుతున్నది, ఆ టేబుల్ కట్టిందే అట్ల. గద్వాల సీడు పత్తి చూడండ్రి. అడ్వాన్సు ఆర్గనైజర్‌ది, విత్తనం కంపెనీది, క్రాసింగ్ పని కూలీలది, పంట ఫెయిలైతే నష్టం మటుకు రైతుది. పోకర్ టేబుల్ కూడా అదే పొలం. గెలుపోటములు నీయి, కోత వాళ్లది.

స్కిల్ అంటే ఏందో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బీచుపల్లి నుంచి కృష్ణ వెంట కిందికి పోతే సోమశిల, అది దాటితే నల్లమల. అక్కడ చెంచులు లోయ అంచున తాడుకు వేలాడి తేనె తీస్తరు. అంతకంటే స్కిల్ ఏ టేబుల్ మీద ఉన్నది? కానీ పైన తాడు పట్టుకునేది ఎవరో చూసుకొనే దిగుతరు. బావమరిదిని నిలబెడతరు. ఎందుకంటే తాడు వదిలితే ఆయన చెల్లె బతుకే ఆగమైతది. ఈ ఆటలో నీ తాడు పట్టుకున్నది ఎవరు? నువ్వు పడితేనే బతికేటోడు.

కాబట్టి చేయవలసింది చేద్దాం. ఖాతా, సిమ్ ఎవరికీ ఇయ్యొద్దు. మోసం జరిగితే సిగ్గుపడకుండ వెంటనే 1930కి ఫోన్ చేయాలె. ఆడకుండ ఉండలేకపోతున్న దోస్తును తిట్టొద్దు, 14416కు చేయించాలె, ఆ టెలిమానస్ నంబరుకు పైసలు పడవు. 2025 చట్టం ఆడినోనికి కాదు, ఆడించినోనికి శిక్ష వేస్తదని అందరికీ చెప్పాలె. షెడ్యూల్డ్ గ్రామాల్లో 1996 పెసా చట్టం ఆదివాసీలకిచ్చే వడ్డీ అప్పుల మీద అదుపు గ్రామసభ చేతుల్లో పెట్టింది. ఆటకు అప్పిచ్చే ఏజెంట్ కూడా వడ్డీ వ్యాపారే. ఆయన పేరు గ్రామసభలో చదవాలె, తీర్మానం రాయాలె, కలెక్టర్‌కు పంపాలె.

ఇంకోసారి ఎవరన్న "ఇది స్కిల్ గేమ్ తమ్మీ" అంటే కాదనకుండ్రి. "సరే, రేక్ ఎవరు తీసుకుంటున్నరు?" అని అడుగుండ్రి. జవాబు వచ్చేదాకా ఫోన్ జేబులోంచి తీయకుండ్రి.