పప్పన్నం మొదలు పెరుగన్నం దాకా

మధుమేహ రోగుల కోసమే పండించినట్లుగా సంచి మీద అచ్చువేసి అమ్మే బియ్యానికి తెలుగు పట్టణాల్లో కొన్నేళ్లుగా గిరాకీ పెరిగింది. వీటిలో పేరున్న రెండు వంగడాలూ ప్రభుత్వ సంస్థల కృషి ఫలితాలే: ఒకటి ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోన, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, రెండవది హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేందుకు రూపొందించిన మెరుగైన సాంబ మసూరి. రెండింటి గ్లైసీమిక్ సూచిక 51 చుట్టుపక్కలే ఉండడం నిజం, ఆ మేరకు అవి మేలైన బియ్యమే. అయితే ఆ ఒక్క అంకెను చూసి, ఇక ఎంత తిన్నా ఫరవాలేదన్న ధీమా ఇళ్లలోకి ప్రవేశించింది. టైప్-2 మధుమేహం విషయంలో ఈ ధీమా చేసే చెరుపు మిఠాయి చేసే చెరుపు కన్నా తక్కువదేమీ కాదు.

గ్లైసీమిక్ సూచిక అనే కొలతను 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రవేశపెట్టింది. ఒక ఆహారం నుంచి 50 గ్రాముల పిండిపదార్థం అందేలా తినిపించి, తర్వాతి రెండు గంటల్లో రక్తంలో చక్కెర ఏ మేరకు పెరిగిందో కొలిచి, అంతే గ్లూకోజు తాగినప్పటి పెరుగుదలను 100గా తీసుకుని పోల్చగా వచ్చే అంకె ఇది. అంటే పిండిపదార్థం తీరును సూచిక చెబుతుందే తప్ప, కంచంలో ఎంత పడిందో చెప్పదు. రెండింటినీ కలిపి చెప్పేది గ్లైసీమిక్ భారం. తిన్న పిండిపదార్థం గ్రాములను సూచికతో హెచ్చవేసి వందతో భాగిస్తే అది వస్తుంది. చెన్నైలో జరిపిన పరీక్షల్లో సోనా మసూరి సూచిక 72గా తేలింది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక, 80 గ్రాముల సోనా మసూరి వండుకుని తిన్నవారి మీద పడే భారం 45. సూచిక 51 ఉన్న బియ్యమే కదా అని 150 గ్రాములు వండుకున్నవారి మీద పడేది 60.

తెలుగు ఇంట ఈ లెక్క తప్పడానికి ఆకలి కన్నా వడ్డన పద్ధతే ఎక్కువ కారణం. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పచ్చడితో రెండు ముద్దలు, చారుతో మరోసారి, చివర పెరుగుతో ఇంకోసారి అన్నం కలుపుకోవలసిందే; ఆదరువు మారినప్పుడల్లా అన్నం మళ్లీ వస్తుంది, ఆదరువు మాత్రం ఆ అన్నానికి రుచి పట్టించేంతే పడుతుంది. మానవలసింది అన్నం కాదు, ఒక్కో ఆదరువుకూ ఒక్కో వడ్డన అనే ఈ ఆనవాయితీ. కూరనూ పప్పునూ గిన్నెల్లో వేసుకుని ముందు కొంత తిని, ఆ తర్వాతే అన్నం కలుపుకుంటే చక్కెర పెరుగుదల తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. ఇక రాత్రికి చపాతీ అనే సర్వసమ్మత పరిష్కారం సంగతి: ఒక్కొక్కటి 30 గ్రాముల పిండితో చేసిన నాలుగు పుల్కాల్లో దాదాపు 80 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, దానికి బంగాళాదుంప కుర్మా తోడైతే మానేసిన అన్నం దొడ్డిదారిన వచ్చినట్లే.

మాత్ర వేసుకుంటున్నాం కదా అనే సమాధానం కూడా ఇక్కడ పూర్తిగా చెల్లదు. ఎక్కువమందికి మొదట రాసే మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయం తనంతట తాను రక్తంలోకి వదిలే చక్కెరను తగ్గిస్తుంది. భోజనంతో ఒక్కసారిగా వచ్చిపడే చక్కెరను అణచడం దాని ముఖ్యమైన పని కాదు. అందుకే పరగడుపు పరీక్ష సవ్యంగా ఉండి, తిన్న రెండు గంటల తర్వాతి అంకె మాత్రం ఎక్కడో ఉండే రోగులు కనిపిస్తారు. మరోవైపు, మందు పెరిగినంత మాత్రాన రోగి తప్పు చేసినట్లు కాదు. బ్రిటన్‌లో కొత్తగా మధుమేహం బయటపడిన 5,102 మందిని ఏళ్ల తరబడి పరిశీలించి 1998లో ఫలితాలు వెలువరించిన యూకేపీడీఎస్ అధ్యయనం, చక్కెరను గట్టిగా అదుపు చేస్తే కళ్లు, మూత్రపిండాల వంటి వాటిలోని సూక్ష్మ రక్తనాళాలకు జరిగే చేటు నాలుగో వంతు తగ్గుతుందని చూపింది. ఒక్క మందుతోనే అదుపులో నిలిచినవారు తొమ్మిదేళ్లకు దాదాపు నాలుగో వంతే మిగిలారని కూడా అదే చూపింది. ఇన్సులిన్‌ను స్రవించే బీటా కణాలు క్రమంగా క్షీణించడం ఈ జబ్బు స్వభావం కనుక, రెండో మాత్ర రాయగానే ఇంట్లోవాళ్లు రోగిని దెప్పడంలో న్యాయం లేదు.

పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లోపలికి తీసుకోగలదు. తెల్లవారుజామున పార్కులో గంట నడిచి, మధ్యాహ్నం తిన్న వెంటనే నడుం వాల్చేవారు ఈ సౌకర్యాన్ని అసలు అవసరమైన వేళకు వాడుకోవడం లేదు. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిచినా ప్రయోజనం ఉంటుంది.

రేపు పరీక్ష అనగా రెండు రోజులు అన్నం మానేసి మంచి రిపోర్టు తెచ్చుకునే విద్య మరొకటి ఉంది. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి కాబట్టి, వాటికి అంటిన చక్కెరను కొలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చెప్పి ఈ విద్యను బయటపెడుతుంది. రక్తహీనత ఉన్నవారిలో మాత్రం ఆ అంకె కూడా తప్పుదారి పట్టించవచ్చు.

అన్నం తగ్గించాలని నిజంగా నిశ్చయించుకున్నవారు ఆ సంగతిని ముందుగా వైద్యునికి చెప్పడం అత్యవసరం. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు క్లోమాన్ని పురికొల్పి ఇన్సులిన్‌ను స్రవింపజేస్తాయి. నాలుగు గరిటెల అన్నానికి సరిపడా రాసిన మోతాదును అలాగే ఉంచి రెండు గరిటెలకు దిగినా, కార్తీక సోమవారమని ఉపవాసం ఉండి మాత్ర మాత్రం వేసుకున్నా, చక్కెర ప్రమాదకరంగా పడిపోయి చెమటలు, వణుకు, వృద్ధుల్లో మగత, తడబాటు కలుగుతాయి. మోతాదు తగ్గించవలసింది వైద్యుడే, అయితే కంచంలో ఏమి మారిందో ఆయనకు ఏ రిపోర్టూ చెప్పదు.