గంటలో ఆదిలాబాద్ సరే, గూడెం దాకా లెక్క ఎవరు చెప్తరు?



ఆదిలాబాద్‌లో పౌర విమానాశ్రయానికి 2025లో వాయుసేన ఒప్పుకున్నప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే ముచ్చట: "హైదరాబాద్ ఇక గంట ప్రయాణమే!" శంషాబాద్ నుంచి ఆదిలాబాద్‌కు ఆకాశంలో సూటిగా దాదాపు 270 కిలోమీటర్లు. చిన్న ఏటీఆర్ విమానానికి గంట చాలు. ఆ లెక్క తప్పని మేం అనడం లేదు. అది ఎవరి లెక్క అని అడుగుతున్నం.

అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ హాస్టళ్లలో చదువుకునే మనోళ్లు మార్లవాయికి పోవాలనుకోండి. పక్కనే ఉన్న బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలోనే శంషాబాద్‌కు పోయినయ్. అక్కడికి చేరడానికి గంట పైనే. విమానం కంటే గంటన్నర ముందుండాలె. ఎగరడం ఒక గంట. ఆదిలాబాద్‌లో దిగి మళ్లీ వెనక్కి గుడిహత్నూర్ వచ్చి, ఇంద్రవెల్లి, ఉట్నూర్ మీదుగా ఇంకో రెండు గంటలు. మొత్తం ఆరు గంటల దాకా తేలుతది. అదే జేబీఎస్‌లో బస్సెక్కితే ఏడెనిమిది గంటలు. మిగిలేది గంటో రెండో! దానికి విమానం టికెట్ పెట్టే తాహతు మన ఇండ్లల్లో ఎందరికుంది?

ఉడాన్ పథకం 2017లో మొదలైనప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నరు, అదీ కొన్ని సీట్లకే. నష్టం పూడ్చడానికి మూడేళ్లు సర్కారు సొమ్ము. 2023లో కాగ్ ఏం తేల్చింది? మూడో విడత వరకు ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు నిండినవి 112. ఆ తర్వాత కూడా నడిచినవి 54.

విమానాశ్రయం వద్దని మేం అనం. కానీ గాలిలో దూరం కొలిచేటోళ్లు నేల మీద దూరం ఎందుకు కొలవరు? ఆదిలాబాద్ రైలు నేటికీ మహారాష్ట్రలోని ముద్ఖేడ్ చుట్టూ తిరిగే హైదరాబాద్ వస్తది. ఆర్మూర్ మీదుగా సూటి లైను అడిగి అడిగి ఒక తరం ముసలిదైంది. 2023 డిసెంబర్ నుంచి మన అక్కచెల్లెళ్లకు ఎక్స్‌ప్రెస్ దాకా బస్సు ఉచితం. మంచిదే. బస్సే రాని గూడెంలో ఆ ఉచితం ఏం చేసుకోవాలె? పురిటి నొప్పులొచ్చిన తల్లిని ఎడ్లబండి మీద రోడ్డు దాకా తెచ్చే వానాకాలం ఏ టైంటేబుల్‌లో ఉంది?

అందుకే మన డిమాండ్లు సూటిగా పెడదాం. ప్రయాణ సమయం విమానాశ్రయం నుంచి కాదు, గూడెం నుంచి లెక్కగట్టాలె. వాగుల మీద వంతెనలు, ప్రతి గూడేనికి రోడ్డు, జైనూర్, సిర్పూర్ (యు) దాకా హైదరాబాద్ నుంచి నేరుగా రాత్రి బస్సు, ఆర్మూర్ రైలు. ఇవి ముందు. రన్‌వే పక్కన సెల్ఫీ తర్వాత.

ఈసారి ఎవరైనా "గంటలో హైదరాబాద్" అని స్టేటస్ పెడితే ఒక్కటే అడగండి: అన్నా, మీ గూడెం నుంచి రోడ్డుకు ఎంతసేపు?

జోహార్ కుమ్రం భీం! జై ఆదివాసీ!