గుట్టబాటన సైకిలు నేర్చు బాలికలు



మా పెద్దమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. వారి ఉన్నత పాఠశాలలో ఎనమండుగురు బాలికలు జట్టుగా చేరి, ఆదివారము ఉదయమున అలీసాగరు వైపు గుట్టలలోని మట్టిబాటలపై సైకిలు స్వారి నభ్యసించుచున్నారు. గడచిన మాసమున మా అమ్మాయి గుట్ట దిగుచు పడినది. తప్పు గుట్టది కాదు, బిడ్డది కాదు; నాది.

వెనుక బ్రేకు రబ్బరులు అరిగినవని రెండు వారములుగ చెప్పుచునే యుండెను. బతుకమ్మ పండుగ పనుల తొందరలో నేను సైకిలును దుకాణమునకు పంపనైతిని. దిగుడున ముందు బ్రేకు నొక్కదానినే గట్టిగ పట్టినచో ముందు చక్రము నిలిచిపోవును; మనిషి మాత్రము ముందునకే పోవును. రెండు బ్రేకులను మెల్లమెల్లగ నొక్కుచు, శరీరభారమును వెనుకకు జరిపి, చక్రము ముందరి రాతిని గాక పోవలసిన దారిని చూడవలెనని వారి ఉపాధ్యాయుడు నేర్పియే యున్నాడు. ఎంత నేర్చినను అరిగిన రబ్బరుతో ఏమి చేయగలదు?

హెల్మెటు పగిలినది, తల దక్కినది. "ఏం కాలేదమ్మా" అని నవ్వుచు లేచినది. ఆ రాత్రి రెండుమారులు వాంతియై, అడిగినదే మరల అడుగుచుండగా, మా వారును నేనును వెంటనే వైద్యుని కడకు గొనిపోతిమి. తలకు దెబ్బ తగిలిన పిమ్మట వాంతులు, హెచ్చు తలనొప్పి, మగత, మాట తడబాటు కనిపించినచో తెల్లవారువరకు వేచియుండరాదు. పైకి గాయము లేకున్నను మెదడునకు అదురు తగిలియుండవచ్చును. మా అమ్మాయికి విశ్రాంతితోనే కుదిరినది.

పగిలిన హెల్మెటును "బాగుగనే యున్నది గదా" యని మా అత్తగారు అటక మీద దాచిరి. ఒకమారు గట్టిదెబ్బ తిన్నదానిని మరల నమ్మరాదు గనుక పారవేయించితిని. మరియొక సంగతి. జడను ఎత్తుగ ముడిచినచో హెల్మెటు వెనుకకు జారి నొసలు బయటపడును. జడ మెడకడ క్రిందుగ నుండవలెను. హెల్మెటు అంచు కనుబొమలకు రెండు వ్రేళ్ల పైన నిలువవలెను. చున్నీని ఇంటనే విడిచిపోవలెను, చక్రమున చిక్కుకొనును.

"ఆడపిల్లకు గుట్టలేల?" యని అత్తగారి ప్రశ్న. మన పాకాల గ్రామపు కూలివారి బిడ్డ, తాడ్వాయి గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు నెక్కినప్పుడు ఆమె వయస్సు 13 ఏండ్ల 11 నెలలు. ఎల్లరును ఆమె ధైర్యమును పొగడుదురు. నాకు ఆమెకు నేర్పిన క్రమము మిన్నగ తోచును. మొదట భువనగిరి బండ, పిమ్మట డార్జిలింగు, అటుపిమ్మట లడఖు చలి. ఎవరెస్టు అన్నిటికిని కడపట. మన బాలికలకును తొలుత పాఠశాల మైదానమున ఆగుట, మలుగుట వచ్చిన గాని గుట్ట చూపరాదు.

నిజమునకు గుట్టకంటె నాకు బోధను రస్తాయే భయము. 2015లో మూతపడిన చక్కెర కర్మాగారము నడచిన దినములలో చెరకు బండ్లుండెడివి. నేడు కోతల కాలమున దారి సగము మేర ఆరబోసిన వడ్లు, పైన పట్టాలు, పట్టాల అంచున రాళ్లు! చీకటిలో అవి కానరావు. అందుచే పిల్లలు తెల్లవారిన పిదపనే ఒకరి వెనుక నొకరుగ పోవుదురు. ఉపాధ్యాయుడు కడపట నుండును.

వైద్యుడు సరేయన్న పిదప అమ్మాయి రెండు వారములు మైదానముననే తిరిగినది. ఈ ఆదివారము మరల గుట్టకు పోవును. అత్తగారింకను ఒప్పుకొనలేదు. శనివారము సాయంకాలము బ్రేకులు నేనే నొక్కి చూచుచున్నాను.