హాల్లో ముప్ఫై లైట్లు, వంటింట్లో ఒకటి

ఈమధ్య ఎవరి గృహప్రవేశానికి వెళ్ళినా అందరూ హాల్లో తలలెత్తి ఫాల్స్ సీలింగు చూస్తుంటారు. నేను మాత్రం నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళి, లైటు వేసి, గట్టు ముందు నిలబడతాను. చాలా ఇళ్ళలో నా నీడ నా చేతుల మీదే పడుతుంది. హాల్లో కోవ్ లైట్లు, స్పాట్ లైట్లు, మధ్యలో షాండ్లియరు, అన్నీ కలిపి ముప్ఫైకి తక్కువుండవు. వంటింట్లో మాత్రం సీలింగు మధ్యన ఒక్కటి. అది సరిగ్గా మన వీపు వెనక ఉంటుంది. పైన అల్మరాలు అడ్డం. ఇక కత్తికీ వేలికీ మధ్య మిగిలేది చీకటే.

రోజుకి నాలుగైదు గంటలు నిలబడే చోట ఒక లైటు, వారానికోసారి చుట్టాలొచ్చి కూర్చునే చోట ముప్ఫై. ఈ లెక్క ఎవరు వేశారో గానీ, ఆ వంటింట్లో కూర తరిగినవాళ్ళు మాత్రం కాదు.

"నీకు అందమంటే పడదా?" అని మా వారు కూడా అడిగారు. ఎందుకు పడదూ! నాకు నచ్చనిది అందం కాదు. ‘డిజైనర్’ అన్న మాటని మనం ‘ఖరీదైనది, ఫొటోలో బాగా పడేది’ అన్న అర్థంలో వాడేస్తున్నామే, అది నచ్చదు. నిజంగా పేరు పొందిన దీపాల కథలు చదివితే అవి మొదలైంది ఇంటి అవసరాల దగ్గరే.

డెన్మార్క్‌లో పాల్ హెన్నింగ్‌సెన్ అనే ఆయన 1958లో పీహెచ్ 5 అనే దీపం చేశాడు. భోజనాల బల్ల మీద కిందికి వేలాడదీసే దీపం అది. పళ్ళేల్లాంటి రేకులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎటు కూర్చున్నా బల్బు కంట్లో పొడవదు. కంచం మీద వెలుతురు పడుతుంది, ఎదుటివాళ్ళ మొహమూ మెత్తగా కనిపిస్తుంది. ఆయన పట్టుదలంతా కంటి సుఖం కోసమే.

ఇటలీలో కాస్టిగ్లియోనీ అన్నదమ్ములు 1962లో చేసిన ఆర్కో దీపం మరీ ముచ్చట. సీలింగుకి కన్నం పెట్టకుండానే బల్ల మీదకి పైనుంచి వెలుతురు రావాలి. అందుకని పాలరాతి దిమ్మ నుంచి విల్లులా వంగిన స్టీలు కొమ్మ పెట్టారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళ వెనక నుంచి ట్రే పట్టుకుని వడ్డించేవాళ్ళు నడవడానికి చోటుండాలని ఆ వంపుని అంత దూరం సాగదీశారు. దిమ్మ 65 కిలోలుంటుంది. దానికొక కన్నం ఉంది, అలంకారానికి కాదు. చీపురు కర్ర దూర్చి ఇద్దరు కలిసి ఎత్తి జరపడానికి! దిమ్మ అంచులు కూడా ఎవరికీ గీరుకోకుండా చెక్కేశారు. వడ్డించేవాళ్ళనీ ఊడ్చేవాళ్ళనీ తలుచుకుని చేశారు కాబట్టే దాన్ని డిజైన్ అంటాను నేను.

మన దగ్గర మాత్రం గాజు సెంటర్ టేబులు మూలలు పిల్లల నుదుటి ఎత్తులో ఉంటాయి. సోఫాలు మోకాళ్ళ కంటే కిందికి ఉంటాయి. మా అత్తయ్యగారు అలాంటి సోఫాలో కూర్చుంటే ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లేపాలి. అందుకే చుట్టాలింటికి వెళ్తే ఆవిడ మొదటే ప్లాస్టిక్ కుర్చీ అడుగుతారు. లక్ష పెట్టి కొన్న సోఫా ఉన్న ఇంట్లో పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీ అడగాల్సి వచ్చిందంటే ఆ సోఫా ఎవరికోసం? షాండ్లియరు సంగతీ అంతే. ఆ గాజు పూసలకి పట్టే బూజు దులపడానికి స్టూలెక్కేది ఎవరో చెప్పక్కర్లేదు కదా.

మా ఇల్లు బాగు చేయించినప్పుడు మా వారికీ నాకూ వారం రోజులు పేచీ నడిచింది. షాండ్లియరు డబ్బుతో నేను అడిగినవి ఇవీ: గట్టు పైన అల్మరాల కింద, ముందంచున ఎల్ఈడీ పట్టీ. అత్తయ్యగారి మంచం నుంచి బాత్రూం దాకా గోడ కింది భాగంలో చిన్న లైట్లు. పిల్లాడు చదువుకునే బల్లకి దీపం. అరవై దాటిన కంటికి మన కళ్ళకంటే ఎక్కువ వెలుతురు కావాలి, కానీ అది సూటిగా పొడవకూడదు. రాత్రి లేచినప్పుడు ఆవిడ కాలు జారితే ఆ మంచం పక్కన ఎన్నాళ్ళు కూర్చోవాలో ఆలోచించమన్నాను. ఆ మాట పనిచేసింది.

బల్బు కొనేటప్పుడు వాట్లు చూసి వదిలేయకండి. డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉంటే పసుపు వెలుతురు. సాయంత్రం కూర్చునే గదులకి హాయి. 6500 అంటే తెల్లటి వెలుతురు. సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటుంది, 90 దాటితే రంగులు ఉన్నవున్నట్టు కనిపిస్తాయి. వేగిన పోపుకీ మాడిన పోపుకీ తేడా తెలియాలంటే వంటింటికి అలాంటిదే కావాలి.

ఇన్నీ అయ్యాక హాలుకీ అందం కావాలంటే తప్పకుండా పెట్టుకోండి. ఇసాము నొగుచి 1951లో జపాన్‌లోని గిఫు ఊళ్ళో కాగితపు లాంతర్లు చూసి, అదే వెదురు, అదే కాగితంతో అకారి దీపాలు చేశాడు. ప్రపంచమంతా కొనుక్కుంది. మనకీ ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్ళు మేకతోలు మీద బొమ్మలు గీసి లాంప్‌షేడ్లు చేస్తున్నారు. తెర వెనక వెలిగిన దీపం ఇప్పుడు బొమ్మ లోపలే వెలుగుతుంది. అలాంటిదొకటి మూల పెడితే ముప్ఫై స్పాట్ లైట్లు నాకు వెలవెలబోయినట్టే ఉంటాయి.

ఇంటీరియర్ వాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం డ్రాయింగులో ప్రతి లైటు మీదా వేలు పెట్టి, "దీని కింద ఎవరు, ఏ పని చేస్తారు?" అని అడగండి. జవాబు లేనివి కొట్టేసి, ఆ డబ్బు ముందు వంటింటికి పంపండి.